36 కిలోల డబ్బా, 40 మిల్లీసెకన్ల ఫైలు

ఎలక్ట్రిక్ గిటార్ జాక్‌ను డిస్టార్షన్ పెడల్ మీదుగా నేరుగా మిక్సర్‌లో గుచ్చి ఒక్క కార్డ్ వాయించి చూడండి. అగ్గిపెట్టెలో చిక్కిన కందిరీగ రొదపెట్టినట్టు ఉంటుంది. పాట ఏదైనా, వాయించేది ఎంత చేయి తిరిగినవాడైనా అదే రొద. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా సుమారు 120 కిలోమీటర్ల దారి. ఆ దారి పొడుగునా చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, శ్రీరామనవమి పందిళ్లలో లీడ్ గిటార్ పట్టే కుర్రాళ్లకు ఈ రొద కొత్తేమీ కాదు. మైక్‌సెట్ అతను "ట్రెబుల్ తగ్గించు తమ్ముడూ" అంటాడు. తగ్గిస్తే గిటార్ వెనక్కి పోతుంది గానీ రొద మాత్రం అక్కడే ఉంటుంది.

తప్పు గిటార్‌ది కాదు, పెడల్‌ది కాదు, మిక్సర్‌ది అసలే కాదు. మధ్యలో ఉండాల్సిన వస్తువు ఒకటి లేదు, అంతే. 12 అంగుళాల కాగితపు కోన్ ఉన్న స్పీకరు, దాన్ని బిగించిన చెక్క డబ్బా. సినిమా పాట వినిపించే సౌండ్ బాక్సుకు తనకంటూ గొంతు ఉండకూడదు, ఇచ్చింది ఇచ్చినట్టు పలకాలి. గిటార్ స్పీకరు అలా కాదు. అది వాయిద్యంలో సగం. దాన్ని తీసేసి గిటార్ వినడమంటే సగం వాయిద్యాన్ని ఇంట్లో వదిలేసి రావడమే.

మరి తెచ్చుకోవచ్చు కదా అంటే, నాలుగు స్పీకర్లున్న మార్షల్ 1960 క్యాబినెట్ ఒక్కటే 36 కిలోల పైచిలుకు. పల్లెవెలుగు బస్సులో దాన్ని ఎక్కించబోతే కండక్టర్ టికెట్ కొట్టడు, దింపేస్తాడు. తెచ్చినా దాని ముందు పెట్టడానికి ఒక మైకు, దాన్ని సరైన చోట నిలబెట్టే ఓపిక కావాలి. అందుకే ఇప్పుడు ఆ డబ్బాను ఫైలుగా మార్చి పెడల్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో పెట్టుకుంటున్నారు. 40 మిల్లీసెకన్లకు కాస్త అటూ ఇటూ ఉండే ఆడియో ఫైలు. విడిగా ప్లే చేస్తే 'టక్' అని చిన్న చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. ఆ 'టక్'లో 36 కిలోల డబ్బా ఎలా ఇమిడిందన్నదే ఈ వ్యాసం. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్న ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

కాగితం పలికే తీరు

భద్రాచలానికి గోదావరి ఇవతలి ఒడ్డున సారపాకలో ఐటీసీ పేపర్‌బోర్డుల మిల్లు ఉంది. జామాయిల్, సుబాబుల్ కర్ర నింపుకున్న లారీలు ఆ రోడ్డు మీద కనపడని రోజుండదు. అక్కడ తయారయ్యేది అట్ట, స్పీకర్ కోన్ కాదు. అయినా పీచు పొడవు, గుజ్జు బరువు, మందం, తేమ లాంటివి అట్ట బిగువును ఎలా నిర్ణయిస్తాయో కోన్ పలుకును కూడా అలాగే నిర్ణయిస్తాయి. ఇంగ్లండ్‌కు చెందిన సెలెస్టియన్ కంపెనీ 1960ల్లో తెచ్చిన గ్రీన్‌బ్యాక్, 1986లో తెచ్చిన వింటేజ్ 30, రెండూ 12 అంగుళాలవే. కోన్, కాయిల్, అయస్కాంతం మారాయి. గొంతు మారిపోయింది.

ఊళ్లో స్పీకర్లు బాగుచేసే కొట్టు దగ్గర కాసేపు నిలబడితే ఈ భౌతికశాస్త్రమంతా బల్ల మీదే కనిపిస్తుంది. కాయిల్ కాలిన స్పీకరును వెల్లకిలా పెట్టి, అంచు చుట్టూ బ్లేడు తిప్పి, పాత కోన్‌ను ఊడదీస్తారు. దాని కింద ముడతలు ముడతలుగా ఉన్న గుడ్డ చక్రాన్ని స్పైడర్ అంటారు. దాని నడుమ రాగి తీగ చుట్టిన చిన్న గొట్టమే వాయిస్ కాయిల్. కొత్త కాయిల్ అయస్కాంతపు సందులో ఏ గోడకూ రాసుకోకుండా సరిగ్గా మధ్యలో నిలవాలి. అందుకోసం పాత ఎక్స్‌రే ఫిల్మ్‌ను సన్నని ముక్కలుగా కోసి చుట్టూ దోపుతారు. జిగురు ఆరాక ఆ ముక్కలు లాగేసి, పైన గుండ్రటి డస్ట్ క్యాప్ అతికిస్తారు. వేలితో కోన్ మీద మెల్లగా తడితే 'డబ్' అంటుంది. రాసుకుంటుంటే గరగరమంటుంది, పని మళ్లీ మొదటికొస్తుంది.

ఆ కోన్ బేస్ స్వరాలకు మొత్తం ఒకే పలకలా ముందుకూ వెనక్కూ కదులుతుంది. స్వరం పైకి వెళ్లేకొద్దీ, ఇంచుమించు ఒక కిలోహెర్ట్జ్ దాటాక, కాగితం ముక్కచెక్కలుగా కదలడం మొదలుపెడుతుంది. మధ్య భాగం ముందుకొస్తే అంచు వెనక్కి పోతుంది. గిటార్ టోన్‌లోని కరుకుదనం చాలావరకు ఈ గందరగోళం నుంచే పుడుతుంది. 5 కిలోహెర్ట్జ్ దాటాక కోన్ ఇక చేతులెత్తేస్తుంది. అక్కణ్నుంచి శబ్దం నిట్టనిలువునా పడిపోతుంది.

గిటార్‌లో లావు తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. డిస్టార్షన్ పెడల్ ఆ తరంగం తలనూ పాదాన్నీ కోసేస్తుంది. కోసిన ప్రతి మూలా కొత్త హార్మోనిక్‌లను పుట్టిస్తుంది. 165, 247, 330 అంటూ అవి 10 వేలు, 15 వేల హెర్ట్జ్ దాకా ఎగబాకుతాయి. గిటార్ స్పీకరుకు ఆ పై మెట్లు చేతకావు కాబట్టి వాటిని మింగేస్తుంది. సౌండ్ బాక్సులోని ట్వీటర్ మాత్రం ఒక్కటీ వదలకుండా పలుకుతుంది. కందిరీగ అదే. ట్రెబుల్ నాబ్ ఒక్కటి తిప్పితే ఎందుకు పోదో ఇప్పుడు తేలికగానే అర్థమవుతుంది. స్పీకరు చేసేది ఒక మూల తగ్గించడం కాదు. 100 హెర్ట్జ్ దగ్గర ఒక ఉబ్బు, 400 దగ్గర ఒక పల్లం, రెండున్నర వేల దగ్గర మళ్లీ ఎత్తు, ఆ పైన లోయ. మూడు నాబ్‌లతో ఆ కొండల వరసను గీయలేం.

గోల్కొండ చప్పట్లు

స్కూలు ఎక్స్‌కర్షన్‌కు గోల్కొండ వెళ్లని తెలుగు పిల్లలు తక్కువ. ఫతే దర్వాజా గుమ్మటం కింద గైడ్ ఒక్క చప్పట కొడతాడు, పైన కిలోమీటరు దూరంలో బాలాహిసార్ దగ్గర అది వినిపిస్తుంది. భద్రాచలం గుడి కట్టించిన పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్నను బంధించిన కోట కూడా అదే కాబట్టి మన భద్రాచలం వైపు వాళ్లకు దానితో బంధుత్వం కాస్త ఎక్కువే. ఆ చప్పట మీద కొంచెం ఆగుదాం. కొట్టింది ఒక్క క్షణం. వినిపించింది మాత్రం ఆ చప్పట, దాని వెనకే గోడల నుంచి తిరిగొచ్చిన ముక్కలు. ఏది ఎంత ఆలస్యంగా, ఎంత బలంగా వచ్చిందన్నది ఆ గుమ్మటం ఆకారాన్ని బట్టి ఉంటుంది. అంటే ఒక్క చప్పటను రికార్డు చేసి పెట్టుకుంటే ఆ చోటి స్వభావం మొత్తం చేతికొచ్చినట్టే. దీన్నే ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. గిటార్ వాళ్లు ఐఆర్ అనేస్తారు.

స్పీకరుకూ ఇదే. అతి చిన్న కుదుపు ఒకటి ఇస్తే కోన్ ఎగిరి, ఊగి, చెక్కను కదిపి, కొన్ని మిల్లీసెకన్లలో సర్దుకుంటుంది. ముందు పెట్టిన మైకు దాన్ని పట్టుకుంటుంది. ఇక గిటార్ సంకేతమంతా అలాంటి చిన్న కుదుపుల వరసే, సెకనుకు 48,000. ప్రతి కుదుపుకూ స్పీకరు ఎలా స్పందిస్తుందో మనకు తెలుసు. అన్నిటి స్పందనలనూ ఒకదాని మీద ఒకటి కూడితే స్పీకరు లేకుండానే స్పీకరు ధ్వని వస్తుంది.

లెక్క ఎంత తేలికో ఒకసారి చేసి చూద్దాం. మన ఐఆర్‌లో మూడే అంకెలున్నాయనుకోండి: 1, 0.5, 0.25. గిటార్ నుంచి మొదట 2 వచ్చింది, తర్వాత 4 వచ్చింది. 2 వల్ల స్పీకరు వరసగా 2, 1, 0.5 పలుకుతుంది. 4 వల్ల ఒక అడుగు ఆలస్యంగా 4, 2, 1 పలుకుతుంది. నిలువుగా కూడితే 2, 5, 2.5, 1. కన్వల్యూషన్ అన్న పెద్ద పేరు వెనక ఉన్నది ఈ ఎక్కం, ఈ కూడికే. నిజం ఐఆర్‌లో మూడు బదులు 2,048 అంకెలుంటాయి. 48,000ను 2,048తో గుణిస్తే సెకనుకు 9 కోట్ల 83 లక్షల హెచ్చవేతలు. చేతిలో పట్టే పెడల్‌కు ఒకప్పుడు అది తలకు మించిన భారం.

భారం దించింది ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్ అనే అడ్డదారి. సంకేతాన్ని ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనూ పౌనఃపున్యాల్లోకి మార్చి, అక్కడ హెచ్చవేసి, వెనక్కి తెస్తే పని ఎన్నో రెట్లు తగ్గుతుంది. చిక్కేమిటంటే ముక్క నిండేదాకా ఆగాలి. గిటార్ మీటిన చాలాసేపటికి శబ్దం వస్తే ఎవరు వాయించగలరు? ఎంఐటీలో విలియం గార్డ్‌నర్ 1995లో దీనికి దారి చూపాడు. ఐఆర్ మొదటి భాగాన్ని చిన్న ముక్కలుగా, తర్వాతి భాగాల్ని పెద్ద ముక్కలుగా లెక్కిస్తే ఆలస్యం లేకుండానే పని జరిగిపోతుంది. 1999లో సోనీ కంపెనీ డీఆర్ఈ-ఎస్777 అనే యంత్రంతో హాళ్ల, చర్చిల ప్రతిధ్వనిని కన్వల్యూషన్‌తో అప్పటికప్పుడు వినిపించింది. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కాలంలో లేచిన ఎపిఫనీ కథెడ్రల్ లాంటి చోట ఐఆర్ తీస్తే అది సెకన్ల పొడవుంటుంది, స్పీకరుది మిల్లీసెకన్లే. అంతకుమించి ఈ రెంటికీ తేడా లేదు.

కొలిచేటప్పుడు నిజంగా చప్పట కొట్టరు లెండి. చప్పటలో బలం చాలదు, గట్టిగా కొడితే స్పీకరు తొణుకుతుంది. బదులుగా కింది స్వరం నుంచి పైస్వరం దాకా 'ఊఁ...ఈఁ' అని జారే స్వీప్‌ను కొన్ని సెకన్ల పాటు వినిపించి, రికార్డు చేసినదాన్ని లెక్కతో విప్పుతారు. ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో ఫరీనా 2000లో చూపిన పద్ధతిలో ఇంకో సొగసు ఉంది. స్పీకరు తనంతట తాను కలిపిన వక్రత, అంటే లేని హార్మోనిక్‌లు, లెక్క విప్పినప్పుడు అసలు 'టక్' కంటే ముందుకు విడిగా జరిగిపోతాయి. కత్తిరించి పారేయొచ్చు. ఈ పారేయడం సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో దాని దగ్గరికి మళ్లీ రావాలి.

పాత రోజుల డబ్బా

డిజిటల్ రాకముందు జనం చేతులు ముడుచుకుని ఏమీ కూర్చోలేదు. బోస్టన్ బ్యాండ్ గిటారిస్టు టామ్ షోల్జ్ ఎంఐటీలో చదివిన ఇంజనీరు. 1982లో వాక్‌మన్ అంత ఉండే రాక్‌మన్ తెచ్చాడు. 1989లో ఆండ్రూ బార్టా శాన్స్‌యాంప్ వచ్చింది. రెండూ మామూలు కెపాసిటర్లు, రెసిస్టర్లతో స్పీకరు వంపును ఉజ్జాయింపుగా గీసినవే. 1998లో లైన్ 6 వాళ్ల కిడ్నీ ఆకారపు పాడ్ డిజిటల్ దారిని జనంలోకి తెచ్చింది. ఆ తరవాత ఆర్కెస్ట్రా గిటారిస్టుల చేతుల్లోకి వచ్చిన రకరకాల ప్రాసెసర్లలో క్యాబ్ (క్యాబినెట్) అని ఒక స్విచ్ ఉంటూనే ఉంది. చాలామంది దాన్ని ఆపి వాయించేవాళ్లు. ఆపితే శబ్దం పదునుగా, పెద్దగా అనిపిస్తుంది కదా! ఆ పదునే బయట జనానికి కందిరీగ.

ఏది కొనాలి?

ఇప్పుడు మార్కెట్లో ఉన్నవి చూస్తే కళ్లు తిరుగుతాయి. ఇగ్నైట్ యాంప్స్ వాళ్ల నాడ్ఐఆర్ ఉచితం, ఒకేసారి రెండు ఐఆర్‌లు కలుపుకోవచ్చు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌లో రియావెర్బ్ తోడుగానే వస్తుంది. టూ నోట్స్ వాళ్ల వాల్ ఆఫ్ సౌండ్‌లో తెర మీద మైకు బొమ్మను పట్టుకుని స్పీకరు ముందు అటూ ఇటూ జరపొచ్చు. ల్యాప్‌టాప్ వద్దనుకుంటే మూర్ రాడార్, బాస్ ఐఆర్-2 లాంటి పెడళ్లున్నాయి. పైమెట్టులో హీలిక్స్, ఫ్రాక్టల్, కెంపర్. ఏది బాగా పలుకుతుందన్న వాదన ఎప్పటికీ తెగదు.

నన్నడిగితే ఆ వాదనలో ముప్పాతిక వంతు వృథా. ఒకే ఐఆర్ ఫైలును రెండు లోడర్లలో, అంటే ఐఆర్‌ను నడిపే టూల్స్‌లో, వేసి చూస్తే సంగతి తేలిపోతుంది. గిటార్ ట్రాక్ ఒకటి తీసుకుని పక్కపక్కన రెండు లైన్లుగా పెట్టండి. ఒకదాని మీద నాడ్ఐఆర్, రెండోదాని మీద రియావెర్బ్. వాటిలోని అదనపు ఫిల్టర్లు, లెవెల్ సర్దుబాట్లు, ఐఆర్ మొదట్లో నిశ్శబ్దాన్ని కోసే ఆప్షన్లు అన్నీ ఆపేయండి. రెండింటి లెవెల్ సమానం చేసి, ఒకదాని ఫేజ్ తలకిందులు చేసి కలపండి. తేడా ఉంటే ఆ తేడా ఒక్కటే వినపడాలి. వినపడేది దాదాపు నిశ్శబ్దమే. ఎక్కం ఎవరు చదివినా రెండు రెళ్లు నాలుగే కదా.

మరి వేరువేరుగా ఎందుకు వినిపిస్తున్నాయి? చాలాసార్లు కారణం వట్టి లెవెల్. ఒక టూల్ ఐఆర్‌ను లోపలికి తీసుకోగానే దాని బలాన్ని పెంచేస్తుంది, ఇంకోటి ఉన్నదున్నట్టు ఉంచుతుంది. ఒకటి రెండు డెసిబెళ్లు ఎక్కువున్నది మన చెవికి 'మెరుగైనది'గా వినిపిస్తుంది. లెవెల్ మారితే బేస్, ట్రెబుల్ మీద చెవి తీర్పే మారిపోతుందని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మున్సన్ 1933లోనే వంపులు గీసి చూపారు. అందుకే ముందు లెవెల్ సమానం చేసుకోవాలి, పోలిక ఆ తర్వాతి మాట.

ఇంకో కారణం పొడవు. హీలిక్స్‌లో 1,024 అంకెల ఐఆర్ కావాలా, 2,048దా అని అడుగుతుంది. అంటే 21 మిల్లీసెకన్లా, 43 మిల్లీసెకన్లా అని. తగ్గిస్తే పైస్వరాలకు ఏమీ కాదు. బేస్ దగ్గర మాత్రం వంపులోని సన్నని వివరం చెరిగిపోతుంది, ఎందుకంటే 82 హెర్ట్జ్ తరంగం ఒక్క చుట్టు తిరగడానికే 12 మిల్లీసెకన్లు కావాలి. మూడోది శాంప్లింగ్ రేటు. 44.1 కిలోహెర్ట్జ్‌లో తీసిన ఫైలును మార్చకుండా 48లో నడిపితే స్పీకరు వంపు మొత్తం 9 శాతం పైకి జరుగుతుంది. 12 అంగుళాల కోన్ 11 అంగుళాలకు కుంచించుకుపోయినట్టు వినిపిస్తుంది. మంచి లోడర్లు దీన్ని వాటంతటవే సరిచేస్తాయి, చవక పెడళ్లలో కొన్ని చేయవు.

అసలు తేడా ఉన్నది ఫైలులో, ఆ ఫైలు తీసేటప్పుడు మైకు నిలబెట్టిన చేతిలో. గిటార్ రికార్డింగుల్లో 1965 నుంచి చలామణీలో ఉన్న షూర్ ఎస్ఎం57నే తీసుకోండి. డస్ట్ క్యాప్ నడిమధ్యకు గురిపెడితే చెవిలో గుచ్చే పదును. క్యాప్ అంచుకు, అంటే ఒకటి రెండు అంగుళాలు పక్కకు జరిపితే పదును తగ్గి కండ పడుతుంది. ఇంకా అంచుకు పోతే మసకబారి, కంబళి కప్పినంత మెత్తగా అవుతుంది. కోన్ ముక్కచెక్కలుగా కదులుతుందన్నాం కదా, ఒక్కో చోట ఒక్కో ముక్క వినిపిస్తోందన్నమాట. వేలెడు దూరం జరిపితే వచ్చే ఈ మార్పు ముందు గ్రీన్‌బ్యాక్‌కూ వింటేజ్ 30కీ ఉన్న తేడా ఒక్కోసారి చిన్నబోతుంది. స్పీకర్లు తయారుచేసే సెలెస్టియనే 2017 నుంచి తన స్పీకర్ల ఐఆర్‌లు అమ్ముతోంది. ఓన్‌హామర్, యార్క్ ఆడియో లాంటి వాళ్లు ఇదే వ్యాపారంగా పెట్టుకున్నారు. వందల ఫైళ్లున్న ప్యాక్ కొంటే వాటిలో నికరంగా వాడేవి నాలుగైదుకు మించవు.

రెండు ఐఆర్‌లు కలిపేటప్పుడు ఒక్క జాగ్రత్త. రెండు మైకులూ కోన్‌కు ఒకే దూరంలో లేకుంటే, 17 సెంటీమీటర్ల తేడా అనుకోండి, ఒకటి అర మిల్లీసెకను వెనకబడుతుంది. 1,000 హెర్ట్జ్ దగ్గర రెండు తరంగాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 3,000, 5,000 దగ్గరా అంతే. గిటార్ గొంతులోంచి పళ్లు ఊడిపోయినట్టవుతుంది. అందుకే అమ్మేవాళ్లు 'టక్' మొదలును ఒకే గీత మీదకు తెచ్చి ఇస్తారు. వేరువేరు కంపెనీల ఫైళ్లు కలిపితే మాత్రం ఆ హామీ ఉండదు, చూసుకోవాల్సింది మనమే.

నా తీర్పు ఇది: లోడర్ మీద రూపాయి పెట్టక్కర్లేదు. మైకు జరిపే సదుపాయం మీద పెట్టండి, లేదా ఒక మంచి ఐఆర్ ప్యాక్ మీద పెట్టండి. వేదిక మీద ల్యాప్‌టాప్ వేలాడేసుకోలేం కాబట్టి పెడల్ తప్పదు, అది వేరే ఖర్చు.

ఫైలులో పట్టనిది

ఇప్పుడు ఫరీనా పద్ధతిలో కత్తిరించి పారేసిన ముక్క దగ్గరికి వద్దాం. ఐఆర్ లెక్కకు ఒక షరతుంది: ఇచ్చింది రెట్టింపైతే వచ్చేదీ రెట్టింపే కావాలి, నిన్నటికీ నేటికీ తేడా ఉండకూడదు. నిజం స్పీకరు ఈ షరతుకు ఒప్పుకోదు. గట్టిగా తోస్తే కోన్ అంచు, స్పైడర్ సాగడానికి మొరాయిస్తాయి, కాయిల్ అయస్కాంతపు సందు దాటిపోతుంది, కొత్త హార్మోనిక్‌లు పుడతాయి. పైగా కాయిల్ వేడెక్కుతుంది. రాగి వేడి ఒక డిగ్రీ పెరిగితే నిరోధం 0.39 శాతం పెరుగుతుంది. 100 డిగ్రీలు పెరిగితే దాదాపు 40 శాతం. అంటే గంటసేపు దంచాక అదే స్పీకరు నెమ్మదిస్తుంది. కొత్తగూడెం మే నెల సంగతి చెప్పనే అక్కర్లేదు, అక్కడ కాయిల్ మొదలయ్యేదే 45 దగ్గర. ఐఆర్‌కు మాత్రం ఎప్పుడూ చలవే. మొదటి స్వరం ఎలా పలికిందో చివరి స్వరమూ అలాగే పలుకుతుంది.

వాల్వ్ యాంప్లిఫయరుతో ఇంకో తంటా. స్పీకరు 8 ఓమ్‌లని రాసి ఉన్నా, దాని సహజ కంపనం దగ్గర ఆ నిరోధం ఎన్నో రెట్లు లేస్తుంది, యాంప్లిఫయరు దానికి తగ్గట్టు వంగుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఐఆర్‌లోకి రాదు. యంత్రానికి ఉదాహరణలు చూపి నేర్పించే న్యూరల్ యాంప్ మోడలర్ లాంటివి యాంప్లిఫయరు వక్రతను బాగా పట్టుకుంటున్నాయి, స్టీవెన్ అట్కిన్సన్ రాసిన ఆ ప్రోగ్రాం ఉచితం కూడా. ఆసక్తికరమైన సంగతేమిటంటే వాటి వెనక కూడా స్పీకరు కోసం చాలామంది పెట్టుకునేది మళ్లీ ఐఆర్‌నే. గిటార్ శబ్దంలో వక్రత చాలా భాగం యాంప్లిఫయరు దగ్గరే జరిగిపోతుంది, స్పీకరు వాటా తక్కువ. స్పీకరు బదులు ఫైలు పెట్టే ఈ మోసం చెల్లుబాటు కావడానికి అదే కారణం.

అయితే ప్రతి వాయిద్యం దగ్గరా చెల్లదు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయల కంచుమేళం–కంచుతాళం కళాకారుడు. డోలి వాయిస్తూ సమ్మక్క–సారలమ్మ కథ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయన వాయించిన డోలికి ఐఆర్ తీయొచ్చా? శాస్త్రం ఒప్పుకోదు. గిటార్‌లో తీగ ఒకటి, స్పీకరు ఒకటి. రెంటి మధ్య కేబుల్ ఉంది, అక్కడ కోసి ఒక పక్కను కొలవొచ్చు. వయొలిన్‌కైనా తీగకూ బుర్రకూ మధ్య బ్రిడ్జి ఉంది, అందుకే వయొలిన్, అకూస్టిక్ గిటార్ దేహాలకు ఐఆర్‌లు తీస్తున్నారు. డోలిలో కదిలేదీ పలికేదీ ఒకే చర్మం. మధ్యలో కొడితే ఒక కంపనం, అంచున కొడితే వేరొకటి. బలంగా కొట్టినప్పుడు తోలు బిగుసుకుని స్వరం ఒక్క క్షణం పైకి లేచి దిగుతుంది. ముసురు పట్టిన రోజు తోలు వదులవుతుంది, మంట దగ్గర కాస్తే బిగుస్తుంది. ఎక్కడ కోసి కొలుస్తాం? అలాంటి వాయిద్యానికి మిగిలేది రికార్డింగు, దాన్ని నేర్చుకున్న చేతులు. కన్వల్యూషన్ అక్కడ అక్కరకు రాదు.

మైక్‌సెట్ ముందు

మళ్లీ పందిట్లోకి వద్దాం. మీ పెడల్‌లో ఐఆర్ ఉంది, జాక్ మిక్సర్‌కు వెళ్లింది. అయినా బయట గిటార్ ఇరుకుగా, ముక్కుతో పాడినట్టు ఉందంటే చూడాల్సింది పెడల్ వైపు కాదు, చెట్టుకు కట్టిన హారన్ వైపు. పల్లెల్లో ప్రసంగానికీ భజనకూ వాడే హారన్ లౌడ్‌స్పీకరు 300 హెర్ట్జ్ కింద పెద్దగా పలకదు. మీరు ఎంచుకున్న నాలుగు 12 అంగుళాల స్పీకర్ల డబ్బా బేస్ అంతా గాలిలో కలిసిపోయింది. ఆ హారన్ కూడా ఒక క్యాబినెట్టే, దానికీ ఒక వంపు ఉంది, మీ ఐఆర్ మీద అది రెండో ముద్ర వేస్తోంది. గిటార్ యాంప్లిఫయరు దొరికిన చోట అయితే ఐఆర్ ఆపేయాలి, లేకపోతే అక్కడా రెండు డబ్బాలు ఒకదానిలో ఒకటి దూరినట్టే. సౌండ్ బాక్సులు మంచివైతే ఐఆర్ ఉంచి, 90 హెర్ట్జ్ కింద, 6 కిలోహెర్ట్జ్ పైన కోసేయడం దాదాపు ఎప్పుడూ పనికొస్తుంది. బేస్ గిటార్, డ్రమ్ ప్యాడ్ల చోటు వాటికి మిగులుతుంది.

హారన్ తప్పదనుకుంటే ఇదే లెక్కను తిరగేయండి. మైక్‌సెట్ వాళ్ల హారన్‌కే ఐఆర్ తీసుకోవచ్చు. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ స్వీప్ వినిపిస్తుంది, మైకుతో పట్టుకుంటుంది, లెక్క విప్పి ఐఆర్ ఫైలు చేసిస్తుంది. గోడలు లేని బయలు చూసి, హారన్‌కు ఎదురుగా నాలుగడుగుల దూరంలో మైకు పెడితే చాలు. ఆ ఫైలును గిటార్ ఐఆర్ తర్వాత రెండో లోడర్‌లో వేసి ఇంట్లో హెడ్‌ఫోన్లలో సాధన చేస్తే, ఊళ్లో చెట్టు మీంచి మీ గిటార్ ఎలా వినపడబోతోందో ముందే తెలుస్తుంది. ఏ స్వరాలు మింగేస్తుందో చూసుకుని, మీటే చోటు మార్చుకోవచ్చు, మధ్య స్వరాల్లో పలికే వేరే ఐఆర్ ఎంచుకోవచ్చు.

స్వీప్‌ను మాత్రం 300 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి, చిన్న లెవెల్‌తో. అంతకన్నా కింది స్వరాలకు హారన్ లోపలి యూనిట్ డయాఫ్రం ఆధారం లేక అతిగా కొట్టుకుంటుంది. అది పోతే యూనిట్ ఖరీదు మైక్‌సెట్ యజమాని మీ దగ్గరే వసూలు చేస్తాడు.